గడ్డ కోయవద్దు

సికింద్రాబాద్
2 జూన్ 2024

వదినా,

నా చేతిరాత చూసి ముఖం తిప్పుకోకు. అన్న తల మీద చెయ్యి పెట్టి నేను వేసిన ఒట్టు మరిచిపోలేదు. నువ్వు పిలిచేదాకా మీ గడప తొక్కనన్నాను. మీ ఇద్దరితో నోట మాట్లాడనన్నాను. రాయనని మాత్రం అనలేదు. ఈ సందు దొరకడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అన్నకు చదువు రాదు కాబట్టి నువ్వే చదివి వినిపించాలి. మధ్యలో నీ సొంత మాటలు కలపకు.

మొన్న ఖేడ్ బస్సు కండక్టర్ నాగేశ్ ఇక్కడి బస్టాండులో కలిశాడు. "మీ అన్నకు కడుపుల పుండట అక్కా. కారం ముట్టుకుంటె తట్టుకుంటలేడు, మనిషి సగమైండు," అన్నాడు. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. నీ వంటలో కారం ఎంతుంటుందో నాలుగేళ్ళు మీ ఇంట్లో తిన్నదాన్ని, నాకు తెలుసు.

నేను వంట చేసే నోరా అమ్మగారు ఐర్లాండ్ మనిషి. ఎనభై ఒకటి నిండాయి. పెద్ద దవాఖానలో నలభై ఏళ్ళు పనిచేసింది. వాళ్ళ ఊళ్ళో మనుషుల కన్నా గొర్రెలే ఎక్కువట. మన కురుమోళ్ళ ఇంట్లో పుట్టవలసిన మనిషి అనుకుంటాను. ఒంట్లో బాగాలేకపోయినా, వాన పడినా, మనసు చెడినా ఆమెకు ఒకటే వంట కావాలి. స్టూ అంటారు. అంతా ఒక్క గిన్నెలోనే. పుండున్న కడుపుకు ఇంతకన్నా మెత్తటి తిండి లేదు.

రెండేళ్ళు దాటిన గొర్రె మెడ మాంసం ఎముకతో తీసుకో. లేత పిల్ల వద్దు. గిన్నె అడుగున ఉల్లిగడ్డ, దాని మీద మాంసం, దాని మీద క్యారెట్, అన్నిటికన్నా పైన గడ్డలు. ప్రతిసారీ ఆలుగడ్డ అని రాయలేను, రోజూ వాటికే చెక్కు తీసే నాకు గడ్డ అంటే అదే. మాంసం మునిగేదాకా నీళ్ళు, తగినంత ఉప్పు. నూనె, తాలింపు, కారం, పసుపు ఏవీ వద్దు. మూత పెట్టి సన్నటి మంట మీద రెండున్నర గంటలు వదిలెయ్యాలి. మూత తీయకూడదు, గంటె పెట్టకూడదు. ఇది నీతో అయ్యే పని కాదని తెలుసు. గిన్నె కనిపిస్తే తిప్పకుండా ఉండలేవు నువ్వు.

అమ్మగారి పాత ఇనుప గిన్నె అడిగి తీసుకున్నాను. నాగేశ్ చేతికిచ్చి పంపుతున్నాను. బరువుగా ఉంటుంది, కాలి మీద వేసుకోకు.

అన్నను అడిగానని చెప్పు.

సుహాసిని


నారాయణఖేడ్
14 జూన్ 2024

సుహాసినీ,

ఉత్తరం అందింది, గిన్నె అందింది. ఒట్టులో సందు వెతకడం నీకే చెల్లింది.

రెండేళ్ళకు రాశావు కదా, ఆనాటి మాటకు తప్పైందని ఒక్క వాక్యం ఉంటుందేమోనని వెతికాను. లేదు. వట్టిపోయిన గొర్రెను ఎవరు మేపుతారని నేను అన్నాను, కాదనను. కానీ అది మన నాలుగు గోడల మధ్య అన్నాను. నువ్వు వాకిట్లో నిలబడి, మా పుట్టింటి సిర్గాపూర్ వాళ్ళంతా వింటుండగా, "నీ చేతి కూడు కాకి గూడ ముట్టది," అన్నావు. మా పెద్దమ్మ కిష్టవ్వ ఇప్పటికీ ఆ మాట తీస్తుంది. ఇప్పుడు వంట నేర్పడానికి ఉత్తరం రాశావు.

వండాను. మూత తీయలేదు, గంటె పెట్టలేదు, పొయ్యి ముందు చేతులు కట్టుకొని కూర్చున్నాను. పాలిపోయిన ముఖంలా తెల్లగా వచ్చింది. పసుపు లేని కూర మా ఇంట్లో పిట్టకు కూడా పెట్టరు. మీ అన్న మాత్రం రెండు గిన్నెలు తాగాడు. "గిదేందే, కడుపుల సల్లగైతుంది. నా చెల్లె చెయ్యి వడ్డట్టె ఉన్నది," అన్నాడు. వండింది నేను. పదహారేళ్ళుగా నేను పెట్టింది తిని బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు ఆ మనిషి.

సంగారెడ్డి తీసుకుపోయి చూపించాం. నాగేశ్ చెప్పాడన్నావు కాబట్టి మళ్ళీ మొదటినుంచి రాయను. ఆ రోగం పేరు రాయడానికి నాకు చెయ్యి రాదు.

గడ్డ సంగతి ఒక్కటి తేలాలి. కోయాలా, కోయకుండా ఉంచాలా? కోసితీరాలని ఒకాయన అంటాడు. మీ అన్న వద్దంటాడు, భయపడుతున్నాడు. అంత పెద్దది అట్లాగే ఎట్లా ఉంచేది అని నా రంధి. నా మాట వినడు. నువ్వు రాస్తే వింటాడు. మీ అమ్మగారిని అడిగి రాయి. పెద్ద దవాఖానలో చేసిన మనిషి అంటున్నావు కదా.

వానలు పడ్డాయి. కంది వేశాం. మిగతా సంగతులు నీకు అవసరం లేదు.

సంధ్యారాణి


సికింద్రాబాద్
17 జూన్ 2024

వదినా,

అన్న రెండు గిన్నెలు తాగాడని చదివి నేను ఇక్కడ పొయ్యి దగ్గర కూర్చొని ఏడ్చాను. అమ్మగారు వచ్చి ఉల్లిగడ్డలా అని అడిగింది. అవునన్నాను.

కాకి మాట అన్నాను. ముందు వెనకలు సరిగా రాయి. నువ్వు గొర్రె అన్న తరువాత అన్నాను. పిల్లలు లేరని మొగుడు వదిలేసినదాన్ని, ఆ మాట నీ నోట వస్తుందని అనుకోలేదు. సరే, ఇప్పుడు అన్న కడుపు ముఖ్యం.

గడ్డ గురించి అమ్మగారిని అడిగాను. నవ్వింది. కత్తి పెట్టవద్దని గట్టిగా చెప్పింది. పెద్దగా ఉంటేనే మంచిదట. తొందరపడి కోస్తే అంతా చెడిపోతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచితే మెల్లగా దానంతట అదే కరుగుతుంది. ఇన్నేళ్ళలో ఆమె ఎన్ని వేలు చూసిందో. నాదీ అదే మాట. కోసితీరాలన్న ఆ పెద్దమనిషి ఎవరో గానీ ఆయనకు ఈ పని తెలియదు. అయినా ఇందులో అన్న భయపడడానికి ఏముంది? గడ్డ కోయవద్దని చెల్లె రాసిందని చెప్పు. నీకే ఓపిక ఉండాలి, అది నీకు మొదటినుంచీ లేదు.

వారానికి రెండుసార్లయినా వండి పెట్టు. ఒంట్లోకి బలం వస్తుంది.

సుహాసిని


నారాయణఖేడ్
19 ఆగస్టు 2024

సుహాసినీ,

రెండు నెలలు ఓపిక పట్టాను. లేదన్నావు కదా, ఉందని చూపిద్దామని.

నీ ఉత్తరం మీ అన్న మూడుసార్లు చదివించుకున్నాడు. మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. సంగారెడ్డిలో డాక్టరు కోయడానికి తారీకు ఇస్తే ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. "నా చెల్లె పట్నంల దొరసానిని అడిగి రాసింది సారూ. గడ్డ కోయొద్దంట. అదే కరుగుతదట," అన్నాడు. డాక్టరు ఆ కాగితం చదవను కూడా లేదు. "మీ ఇష్టం. నెల దాటితే నన్ను అడగకండి," అన్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. మీ అన్న అప్పటికే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బస్సులో పాట పాడుకుంటూ వచ్చాడు. గడ్డ కరిగితే బోరంచ నల్లపోచమ్మకు పొట్టేలు ఇస్తానని మొక్కాడు.

మొదట్లో నేనూ నమ్మాను, ఎందుకు దాచాలి. నువ్వంటే పడదు గానీ అన్న విషయంలో అబద్ధం రాయవని నమ్మాను.

అది కరగలేదు. మీ అన్న కరిగాడు. చెయ్యి పెడితే గడ్డ పైకే తగులుతోంది. గొర్రెల వెంట పోవడం మానేసి ఇరవై రోజులైంది, భూమన్న మామ తోలుకుపోతున్నాడు. నీ తెల్ల కూరలో మాంసం ఎప్పుడో మానేశాడు, గడ్డలు మానేశాడు, ఇప్పుడు మూడు చెంచాల నీళ్ళు. అవి తాగి నీ పేరు తలుచుకుంటాడు.

రేపు మళ్ళీ సంగారెడ్డి తీసుకుపోతున్నాను. ఇంకెన్నాళ్ళకు కరుగుతుందో మీ దొరసానిని అడిగి రాయి.

సంధ్యారాణి


సికింద్రాబాద్
21 ఆగస్టు 2024

వదినా,

గడ్డ అంటే నేను ఆలుగడ్డ అనుకున్నాను.

మొదటి ఉత్తరంలో గడ్డలు కోసి వేయాలో, వేయొద్దో రాయడం మరిచాను. నువ్వు అదే అడుగుతున్నావనుకున్నాను. కోయాలన్న ఆయన ఎవరో మాంసం కొట్టే మల్లేష్ అయ్యుంటాడనుకున్నాను. నాగేశ్ నాకు పుండన్నాడు వదినా, కడుపులో గడ్డ ఉందని ఎవరూ చెప్పలేదు. నీ ఉత్తరం ఇప్పుడు తీసి మళ్ళీ చదివాను. ఎంత తెలివితక్కువదానికైనా అర్థమయ్యేటట్టే రాశావు. నాకు అర్థం కాలేదు. నా బుర్ర నిండా ఆ గిన్నె ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నోరా అమ్మగారు డాక్టరు కాదు, నర్సు కూడా కాదు. దవాఖానలో నలభై ఏళ్ళు రోగులకు వంట చేయించింది. ఆ ముక్క నేను కావాలనే దాచాను. మీ ఇంట్లోంచి వెళ్ళగొట్టిన మనిషి ఎవరో గొప్పవాళ్ళ దగ్గర బతుకుతోందని మీకు తెలియాలనుకున్నాను. ఆమె చూసింది వేల ఆలుగడ్డలు.

వెంటనే కోయించు. ఈ ఉత్తరం అన్నకు అక్షరం విడవకుండా చదివి వినిపించు. నా మాట మీద ఆగాడు, నా మాట మీదే లేస్తాడు. ఎక్కడ కోస్తే అక్కడికి నేను వచ్చి ఉంటాను, ఎన్నాళ్ళైనా ఉంటాను.

ఫోన్ పొద్దుటినుంచి చేతిలోనే ఉంది. నీ నంబరు నొక్కి తీసేశాను. అన్న తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు, అన్న ఈ స్థితిలో ఉంటే ఎట్లా తప్పేది? తప్పితే ఆయనకే తగులుతుంది. నువ్వు పిలిస్తే ఒట్టు తీరిపోతుంది. పెద్ద ఉత్తరం వద్దు. కాగితం మీద "రా" అని రాసి నాగేశ్ చేతికివ్వు. ఒక్క అక్షరం.

సుహాసిని


సికింద్రాబాద్
5 సెప్టెంబరు 2024

వదినా,

పదిహేను రోజులైంది. నాగేశ్ బస్సు వచ్చే వేళకు రోజూ వెళ్ళి నిలబడుతున్నాను. "ఏమియ్యలేదక్కా," అంటాడు. అన్న ఎట్లున్నాడంటే, "ఇంట్లనే ఉన్నడట," అంటాడు. అంతకన్నా తెలియదంటాడు. నా ముఖం చూడకుండా టికెట్లు సర్దుకుంటాడు.

కాకి మాట అన్నందుకు తప్పైంది. నువ్వు ముందు అన్నావని కూడా ఇక అనను. నీ కాళ్ళు పట్టుకున్నాననుకో. సంచి సర్ది తలుపు దగ్గర పెట్టుకున్నాను. అమ్మగారికి చెప్పాను, వెళ్ళమంది. గడప ఇవతలే నిలబడతాను. అన్నకు వండి నీ చేతికిస్తాను, లోపలికి నువ్వే తీసుకుపోయి పెట్టు. నేను వండానని కూడా చెప్పకు.

రా అని రాయి.

సుహాసిని


నారాయణఖేడ్
24 సెప్టెంబరు 2024

సుహాసినీ,

ఈ ఉత్తరం నీ గిన్నెలోనే పెట్టి పంపుతున్నాను. గిన్నె రెండుసార్లు తోమించాను, వాసన లేదు.

మీ అన్న ఈ నెల తొమ్మిదిన, సోమవారం పొద్దున పోయాడు. పదకొండో రోజు కూడా అయిపోయింది.

నాగేశ్‌కు తెలుసు. చెప్పవద్దని నేనే అన్నాను. "నోట మాట వద్దని ఆమె ఒట్టేసింది. ఏదున్నా కాగితం మీద నేనే రాస్తా," అన్నాను. నువ్వు వెతికిన సందు నాకూ పనికొచ్చింది. మనవాళ్ళు అడిగితే, కబురు చేశాను, రానన్నది అని చెప్పాను. అందరూ నమ్మారు. నిన్ను తిట్టారు కూడా.

నీ ఆలుగడ్డ ఉత్తరం ఆయనకు చదవలేదు. అది వచ్చేసరికే సంగారెడ్డి డాక్టరు, "ఇక కోసి లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి," అన్నాడు. ఇక ఆ ఉత్తరం చదివితే ఏమవుతుంది? నా చెల్లె నన్ను చంపిందని తెలిసి పోతాడు. అందుకని రోజూ పొద్దున జూన్ ఉత్తరమే చదివాను. "మెల్లగా దానంతట అదే కరుగుతుంది" అన్న దగ్గర కళ్ళు మూసుకునేవాడు. పోయిన రోజు కూడా చదివాను. "కరుగుతుందే సంధ్యా. నాకు తెలుస్తుంది," అన్నాడు. ఇది నీ కోసం చేయలేదు, ఆయన కోసం చేశాను.

నిన్ను అడిగాడు. "చెల్లెను పిలువరాదె," అన్నాడు. ఒకసారి కాదు. పిలిచాను, సెలవు దొరకలేదట అన్నాను. "పెద్దోళ్ళ ఇంట్ల పని గదా," అని నిన్నే వెనకేసుకొచ్చాడు.

ఎందుకు పిలవలేదంటావు. నువ్వు గడప దాటితే ఆయన ముఖం ఎట్లా అవుతుందో నాకు తెలుసు. ఆ ముఖం పదహారేళ్ళలో నా వైపు తిరిగి అట్లా కాలేదు. ఆయన మలం ఎత్తింది నేను, ఒళ్ళు తుడిచింది నేను, నడుము కింద పుండ్లకు మందు రాసింది నేను. ఆఖరి నాడు నువ్వు సంచి భుజాన వేసుకొని వచ్చి ఆ ముఖం తీసుకుపోవడం నేను చూడలేను. చూడలేకపోయాను. అంతే.

మూడో రోజు పిట్టకు పెట్టాం. మాంసం, బగారన్నం, గారెలు, పుంటికూర, కల్లు. అన్నీ నేనే వండాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పొలంలో సమాధి దగ్గర విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు లేకపోలేదు. తుమ్మచెట్టు మీద ఐదారు ఉన్నాయి. దిగి వచ్చి, చూసి, మళ్ళీ పైకి పోయాయి. తొమ్మిదికి పెడితే పదకొండు దాటింది. మా పెద్దమ్మ కిష్టవ్వ నా ముఖం వైపు చూసింది. ఆమెకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. నీ నోటి చలవ సుహాసినీ. పదిమంది ముందు అన్నావు, పదిమంది ముందే జరిగింది.

అప్పుడు భూమన్న మామ అన్నాడు. "వాని పాణం చెల్లె మీద ఉన్నది బిడ్డా. రానంటె రానన్నదిలే. మల్ల పిలుస్తనని మాటియ్యి. ముడుతది."

అందరూ నా వైపు చూశారు. మాట ఇస్తే అయిపోయేది. నువ్వు ఉత్తరంలో అడిగిందీ అదే, మామ అడిగిందీ అదే. ఒక్క అక్షరం. నేను ఆటో ఎక్కి ఇంటికి వచ్చాను.

నీ గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఉల్లిగడ్డ, మిగిలిన మాంసం, క్యారెట్. పసుపు వేయలేదు. రెండున్నర గంటలు జనాన్ని ఎండలో నిలబెట్టలేను కదా. పెద్ద మంట మీద పెట్టి, మూత తీసి, నాలుగుసార్లు గంటెతో తిప్పాను. గిన్నెతో సహా పొలానికి తీసుకుపోయి విస్తరిలో పోశాను. నేను పది అడుగులు వెనక్కి రాకముందే ఒక కాకి దిగింది. ముందు గడ్డ ముక్క ఎత్తుకుపోయింది. తరువాత మిగతావి దిగాయి. భూమన్న మామ చేతులు జోడించి, "తృప్తి పడ్డడు," అన్నాడు. నిన్ను పిలవాల్సిన పని లేకుండా పోయింది.

నీ చేతి వంటకే దిగాయని అనుకుంటావు. అనుకో. కానీ నువ్వు రాసినట్టు వండలేదు, అది తెలియాలనే ఈ ఉత్తరం. గడ్డలు ఈసారి కోసే వేశాను. తొందరగా ఉడికాయి, ఏమీ చెడిపోలేదు.

సంధ్యారాణి